పిరనేసితో మొదలుపెట్టాలా, జోనథన్ స్ట్రేంజ్‌తోనా?

“వింతగా ఉండే ఫాంటసీ నవల ఒకటి చెప్పు, డ్రాగన్లూ కత్తియుద్ధాలూ వద్దు, చదివాక నాలుగు రోజులపాటు మనసులో తిరుగుతూ ఉండాలి” అని అడిగేవాళ్ళు నాకు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆఫీసులో ఇద్దరు, మా పిన్ని కూతురు, డాలస్‌లో ఉంటున్న నా పాత క్లాస్‌మేట్, చివరికి ఎప్పుడూ నవలల జోలికి పోని మా తమ్ముడు కూడా. వీళ్ళకి నేను చెప్పేది మూడింట్లో ఒకటి. సుసానా క్లార్క్ రాసిన పిరనేసి, ఆవిడే అంతకుముందు రాసిన జోనథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్, జర్మన్ రచయిత మిహాయేల్ ఎండే రాసిన నెవరెండింగ్ స్టోరీ. మూడూ మాయతో నిండినవే, మూడూ వింతవే, కానీ ఒకరికి ప్రాణంలా అనిపించింది ఇంకొకరు ముప్ఫై పేజీలకే పక్కన పడేయడం నేను కళ్ళారా చూశాను. అందుకే ఎవరికి ఏది సరిపోతుందో కాస్త వివరంగా రాస్తున్నాను.

తొందరలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తాను. నెమ్మదిగా చదవడం ఇష్టమై, ఏం జరుగుతోందో తెలియకుండానే ఓ యాభై పేజీలు ఉండగలిగితే పిరనేసి తీసుకోండి. చరిత్ర ఇష్టమై, ఒక పెద్ద పుస్తకంలో నెలరోజులు కాపురం పెట్టాలనిపిస్తే జోనథన్ స్ట్రేంజ్. ఇంట్లో తొమ్మిది పదేళ్ళ పిల్లలుండి, వాళ్ళతో కలిసి చదవాలనుకుంటే నెవరెండింగ్ స్టోరీ. ఏదీ తేల్చుకోలేకపోతే పిరనేసి. మూడింట్లో నేను మళ్ళీ మళ్ళీ తెరిచేది అదే.

చాలామంది పేజీలు చూసి ఎంచుకుంటారు. పిరనేసి దాదాపు 250 పేజీలు, జోనథన్ స్ట్రేంజ్ 800 దాకా ఉంటుంది, కాబట్టి చిన్నదే సులువు అనుకుంటారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. ఇంగ్లీషు వరకు పిరనేసి నిజంగానే సులువు, కానీ దాంట్లో మనం ఎక్కడున్నామో, కథ చెబుతున్న మనిషి ఎవరో, అసలు ఇది మన లోకమేనా కాదా అన్నది చాలాసేపటి వరకు తెలియదు. జోనథన్ స్ట్రేంజ్ పొడుగు, కానీ మొదటి పేజీలోనే మనం ఎక్కడున్నామో తెలిసిపోతుంది. 1806 శరదృతువు, ఇంగ్లండులో యార్క్ అనే ఊరు, మంత్రవిద్య గురించి చదవడమే తప్ప మంత్రం వేయడం తెలియని పెద్దమనుషుల సంఘం. అందుకని నేను అడిగే ప్రశ్న ఒకటే. అర్థం కాకుండా ఉండటాన్ని మీరెంతసేపు భరించగలరు, అలా ఉన్నప్పుడు మీకు చిరాకొస్తుందా, ఆసక్తి పెరుగుతుందా?

చందమామ సీరియళ్ళతో పెరిగిన మాబోటివాళ్ళకి ఈ ప్రశ్న మరీ ముఖ్యం అనిపిస్తుంది. పాతాళదుర్గం, రాకాసిలోయ లాంటివి దాసరి సుబ్రహ్మణ్యం గారు రాస్తే, చిత్రా గారు బొమ్మలు వేస్తే, నెల నెలా ఎదురుచూస్తూ చదివినవాళ్ళం. వాటిలో మాయకి కొదవ లేదు, కానీ మాంత్రికుడు మాంత్రికుడని మనకి తెలుసు, వాడికి ఏం కావాలో కూడా తెలుసు, మన టెన్షనంతా తర్వాత ఏమవుతుందో అని. పిరనేసిలో తర్వాత ఏమవుతుందన్నది అటుంచి, ఇప్పుడు ఏం జరుగుతోందన్నదే మనకి అందదు. ఈ తేడా ముందే తెలిస్తే ఆ పుస్తకం మీద అనవసరంగా కోపం రాదు.

పిరనేసి గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చెప్పడం కష్టమైన పుస్తకం అదే, సగం మంది మొదట్లోనే వదిలేసేదీ అదే.

నేను దాన్ని చదివింది ఒక ఆసుపత్రిలో. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయితే నాలుగు రాత్రులు నేను తోడు ఉన్నాను. గదిలో అటెండెంట్ కోసం ఒక రెక్సిన్ బెంచీ, తలుపు సందులోంచి లోపలికి పడే కారిడార్ ట్యూబ్‌లైట్ వెలుతురు. ఆ వెలుతురులోకి పుస్తకం వంచి పట్టుకుని చదివేదాన్ని. పుస్తకంలో కథ చెప్పే మనిషి తన ఇంటి హాళ్ళకి అంకెలు వేసుకుంటూ తిరుగుతుంటే, నేను మంచినీళ్ళ సీసా నింపుకోవడానికి వెళ్తూ కారిడార్‌లో తలుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండో రాత్రి బీపీ చూడటానికి వచ్చిన నర్సు పుస్తకం అట్ట చూసి దేని గురించి అని అడిగింది. ఒక పెద్ద ఇంట్లో ఒక్కడే బతికే మనిషి కథ అన్నాను.

“దెయ్యం కథా మేడమ్?”

“కాదమ్మా.”

“మరి అంత పెద్ద ఇంట్లో ఒక్కడికీ భయం వెయ్యదా?”

ఆ ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. నిజంగానే అతనికి భయం వెయ్యదు. అతని తరఫున భయపడేది మనం. ఆ పుస్తకం పట్టంతా ఇందులోనే ఉందని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ ఇల్లు ఎలాంటిదంటే, దానికి అంతు లేదు. హాలు తర్వాత హాలు, ఒక్కో హాల్లో గోడల నిండా పాలరాతి విగ్రహాలు. కింది అంతస్తులో సముద్రం, పై అంతస్తులో మేఘాలు, మధ్య అంతస్తులో పక్షులూ, అతనూ. తను పడమటికి 960వ హాలు దాకా, ఉత్తరానికి 890వ హాలు దాకా, దక్షిణానికి 768వ హాలు దాకా వెళ్ళొచ్చానని ఎంతో ఒద్దికగా లెక్క చెబుతాడు. ఆటుపోట్ల లెక్కలు కట్టి పెట్టుకుంటాడు, చేపలు పట్టుకుంటాడు, సముద్రపు నాచు ఎండబెట్టి చలికాలానికి దాచుకుంటాడు. అతని లెక్కలో ఈ లోకం పుట్టినప్పటి నుంచీ ఉన్న మనుషులు మొత్తం పదిహేను మంది. బతికున్నది ఇద్దరే, తనూ, అదర్ అని తను పిలుచుకునే ఇంకొకాయనా. మిగతా పదముగ్గురూ అస్థికలు. వాటికి అతను పేర్లు పెట్టుకున్నాడు. ఒకరి ఎముకలు బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి కాబట్టి ఆయన బిస్కెట్ డబ్బా మనిషి. మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఒక చిన్నపిల్ల కూడా ఉంది. వాళ్ళ దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్తాడు, తినడానికీ తాగడానికీ ఏదో ఒకటి తీసుకెళ్ళి పెడతాడు, కలువపూలు పెడతాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చూడటం లేదు, అయినా చేస్తాడు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ తిథికి విస్తరి వేసి పెట్టే అలవాటున్నవాళ్ళకి ఆ పేజీలు ఇంకొంచెం లోపలికి దిగుతాయి.

నన్ను పూర్తిగా పట్టేసింది అల్బట్రాస్ పక్షుల ఘట్టం. పుస్తకం మొదట్లోనే వస్తుంది. మంచులోంచి ఒక తెల్లటి శిలువ తన వైపే వస్తున్నట్టు కనిపిస్తే, అదేదో దైవదర్శనం అనుకుని చేతులు చాచి నిలబడతాడు, తీరా అది వచ్చి గుద్దుకుంటే పెద్ద అల్బట్రాస్. ఆ తర్వాత ఆ పక్షుల జంట గూడు కట్టుకోవడానికి తంటాలు పడుతుంటే, తను చలి కాచుకోవడానికి దాచిపెట్టుకున్న ఎండు నాచు తీసుకెళ్ళి వాటికి ఇచ్చేస్తాడు. ఇచ్చే ముందు లెక్క వేసుకుంటాడు కూడా. ఎన్ని రోజులకి సరిపడా నాచు పోతుంది, ఎన్ని రోజులు చలికి ఓర్చుకోవాలి, దానికి బదులుగా లోకంలోకి ఒక కొత్త అల్బట్రాస్ వస్తుంది కదా అని. ఆ ఏడాదికి ఆ పక్షి పేరే పెట్టుకుంటాడు. డైరీలో ప్రతి తేదీ పైన ‘నైరుతి హాళ్ళకి అల్బట్రాస్ వచ్చిన సంవత్సరం’ అనే రాసుకుంటాడు. మన ప్రభవ, విభవ లాగా చక్రంలో తిరిగొచ్చే పేరు కాదది, ఒక్కసారి జరిగినదానికి ఒక్కసారే పెట్టిన పేరు.

అంత మంచి మనిషిని మనం చూస్తూ ఉండగా, అతనికి తెలియనివి మనకి తెలుస్తూ ఉంటాయి. ఈ పుస్తకంలో టెన్షన్ పుట్టేది అక్కడ. అదర్ అనే ఆ రెండో మనిషి మంగళ, శుక్రవారాల్లో మాత్రమే కలుస్తాడు, ఒక గంటకి మించి ఉండడు. ప్రతిసారీ శుభ్రమైన సూట్ వేసుకుని వస్తాడు, చేతిలో మెరిసే పరికరం ఒకటి ఉంటుంది. ఇతనికి అప్పుడప్పుడు బూట్లు, విటమిన్ మాత్రలు తెచ్చిస్తాడు. బయట ప్రపంచమే లేదని నమ్మే మనిషికి ఆ విటమిన్ మాత్రలు ఎక్కడివో అన్న సందేహం రాదు. మనకొస్తుంది. పిరనేసి అని పిలిచేది కూడా ఆ అదరే. తనకి గుర్తున్నంత వరకు అది తన పేరు కాదని ఇతను డైరీలో మామూలుగా రాసుకుంటాడు, అక్కడ నాకు ఒళ్ళు జలదరించింది. పిరనేసి అన్నది నిజానికి 18వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడి పేరు. ఎక్కడికి వెళ్తాయో తెలియని మెట్లతో, అంతులేని కమానులతో, ఊహలోంచి చెరసాలల బొమ్మలు గీసి, రాగిరేకుల మీద చెక్కి అచ్చువేశాడు. ఆ పేరు ఎవరిదో తెలిసి చదివితే అదర్ మీద అనుమానం ఇంకా ముందే మొదలవుతుంది.

ఇంతకన్నా కథ చెప్పను. ఈ పుస్తకం విషయంలో వెనక అట్ట మీది వాక్యాలు కూడా చదవద్దు, వికీపీడియా అసలే వద్దు. మిగతా రెండు పుస్తకాలకి స్పాయిలర్ తెలిసినా పెద్ద నష్టం లేదు, దీనికి మాత్రం ఉంది. మనం నిజాన్ని ఒక్కో ముక్కగా కూడబెట్టుకోవడం, దాన్ని అతను ఎలా తట్టుకుంటాడో అని బెంగపడటం, ఆ రెండూ పోతే మిగిలేది సగమే.

ఎక్కడ ఇబ్బంది వస్తుందో కూడా చెప్పాలి. మొదటి రెండు మూడు పేజీల్లోనే మూడు సముద్రపు పోట్లు ఒకేసారి కలిసే దృశ్యం ఉంటుంది, ఏ హాలు ఏ దిక్కున ఉందో గుర్తుపెట్టుకోవాలని తాపత్రయపడితే తల తిరుగుతుంది. గుర్తుపెట్టుకోవద్దు. నేను మొదటిసారి పెన్సిల్‌తో మ్యాప్ గీయబోయి నాలుగో హాలు దగ్గర వదిలేశాను. దారి తెలియకపోయినా కథకి ఏమీ కాదు, దారి అతనికి తెలుసు, అది చాలు. ఇంకొకటి, అతను హాలు, పోటు, విగ్రహం, చంద్రుడు లాంటి మాటలన్నీ ఇంగ్లీషులో పెద్ద అక్షరంతో మొదలుపెట్టి రాస్తాడు. మొదట కంటికి అడ్డం పడుతుంది. కొన్ని పేజీలు గడిచాక అది అతని మర్యాద అని తెలుస్తుంది. అన్నిటినీ ‘గారు’ పెట్టి పిలిచే మనిషిలాగా అన్నమాట.

సుసానా క్లార్క్ మొదటి నవల 2004లో వచ్చింది, 2006లో ఒక కథల సంపుటి, ఆ తర్వాత నవల అంటే మళ్ళీ 2020లో ఈ పిరనేసే. మధ్యలో ఆవిడ ఏళ్ళ తరబడి తీవ్రమైన నీరసం వదలని జబ్బుతో ఇల్లు కదలలేకపోయారు. ఆ సంగతి నాకు పుస్తకం పూర్తయ్యాక తెలిసింది. తెలిశాక మళ్ళీ మొదటి నుంచి చదివాను, ఇంటికి ఆ మనిషి చెప్పుకునే కృతజ్ఞత ఊరికే ఊహించి రాసింది కాదనిపించింది. 2021లో ఈ నవలకి, ఇంగ్లీషులో నవలలు రాసే స్త్రీలకిచ్చే విమెన్స్ ప్రైజ్ వచ్చింది.

ఇక జోనథన్ స్ట్రేంజ్. పిరనేసి నచ్చకపోతే క్లార్క్ నచ్చనట్టే అని తీర్మానించుకోవద్దు, రెండూ ఒకే చేతి రాతలా ఉండవు. మా తమ్ముడికి నేను ముందు పిరనేసి ఇచ్చాను. “అక్కా, వీడు ఎవడో చెప్పకుండా చేపలు పట్టుకుంటున్నాడు, నాకు ఓపిక లేదు” అని ముప్ఫై అయిదో పేజీలో వదిలేశాడు. వాడు చరిత్ర చదివే మనిషి, ఏ రాజు తర్వాత ఏ రాజు, ఏ యుద్ధంలో ఎవరు గెలిచారు, అలాంటివి కావాలి. పుస్తకాన్ని తప్పు మనిషికి ఇచ్చింది నేను. జోనథన్ స్ట్రేంజ్ ఇచ్చాక మూడు వారాలు భోజనాల దగ్గర అదే మాట. మూడొందల ఏళ్ళు ఉత్తర ఇంగ్లండుని ఏలి మాయమైపోయిన కాకిరాజు గురించి, ఆయన నిజంగా చరిత్రలో ఉన్నాడేమో అన్నంత నమ్మకంగా మా అమ్మకి చెప్పేవాడు.

ఆ పుస్తకం చేసే మాయ అదే. నెపోలియన్‌తో యుద్ధాలు జరుగుతున్న రోజుల్లో, మంత్రవిద్య అంతరించిపోయిన ఇంగ్లండులో, ఇద్దరు మాంత్రికులు దాన్ని మళ్ళీ బతికిస్తారు. నోరెల్ పుస్తకాల పురుగు, పిసినారి, తన గ్రంథాలు ఇంకొకరు తాకితే ఓర్చుకోలేడు. స్ట్రేంజ్ కుర్రవాడు, చొరవ ఉన్నవాడు, బ్రిటిష్ సేనాపతి వెల్లింగ్టన్ సైన్యంతో స్పెయిన్, పోర్చుగల్ వెళ్ళి లేని రోడ్లు పుట్టిస్తాడు. ఒక గురువు, ఒక శిష్యుడు, ఇద్దరికీ పడకపోవడం, ఇది మనకి బాగా తెలిసిన కథే. దాన్ని ప్రభుత్వ దస్తావేజు రాసినంత నిదానంగా, సాక్ష్యాలతో సహా రాస్తుంది ఆవిడ. దాదాపు 200 ఫుట్‌నోట్లు ఉన్నాయి, వాటిలో కొన్ని పేజీలు పేజీలు సాగే కథలు. లేని గ్రంథాలు, లేని పండితులు, వాళ్ళ మధ్య లేని తగాదాలు. ఫుట్‌నోట్లు దాటేసి చదవొచ్చా అని క్లాస్‌మేట్ అడిగింది. దాటేస్తే కథ తెలుస్తుంది కానీ ఆ దేశానికి ఒక గతం ఉందన్న నమ్మకం కుదరదు. చదవండి.

మూడో అధ్యాయంలో యార్క్ చర్చి ఘట్టం ఉంది. నోరెల్ ఎక్కడో తన ఇంట్లో కూర్చుని మంత్రం వేస్తాడు, ఇక్కడ చలికి వణుకుతూ నిలబడ్డ పెద్దమనుషుల ముందు చర్చిలోని రాతి బొమ్మలన్నీ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెడతాయి. అందరికన్నా ముందు నోరు విప్పే చిన్న బొమ్మ చెప్పేది, వందల ఏళ్ళ కిందట తన కళ్ళ ముందు జరిగిన ఒక అమ్మాయి హత్య గురించి. జుట్టులో ఐవీ అనే తీగ ఆకులున్న అమ్మాయి. చూసిన సాక్షులు రాళ్ళే కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేకపోయాయి. మాయ అంటే మెరుపులూ పొగలూ అనుకునేవాళ్ళు ఆ రెండు మూడు పేజీలు చదివితే చాలు. తర్వాత ఒకచోట ఫ్రెంచి రేవుని చుట్టుముట్టిన యుద్ధనౌకలు వస్తాయి, చూస్తే అవి వాన నీళ్ళతో చేసినవి. శత్రువులు రోజుల తరబడి వాటిని చూసి భయపడి కదలరు.

ఇబ్బందులూ ఉన్నాయి. పేరు జోనథన్ స్ట్రేంజ్ అయినా ఆయన వంద పేజీలు దాటితే గాని కనిపించడు, అప్పటిదాకా నోరెల్ సణుగుడు భరించాలి. ఇంగ్లీషు కూడా కావాలనే రెండొందల ఏళ్ళ నాటి పద్ధతిలో రాసింది, షో, చూజ్ లాంటి మామూలు మాటలకి కూడా పాత స్పెల్లింగులు. ఇంగ్లీషు నవలలు ఎక్కువ అలవాటు లేనివాళ్ళు మొదటి పుస్తకంగా దీన్ని పట్టుకోవద్దు. పట్టు దొరికినవాళ్ళకి మాత్రం చివరి రెండొందల పేజీలు రాత్రి నిద్ర పోనివ్వవు. చదవడానికి ఓపిక లేక 2015లో బీబీసీ తీసిన ఏడు భాగాల సీరియల్ చూద్దామనుకునేవాళ్ళుంటారు. అది బాగుంటుంది, కానీ పుస్తకం తర్వాతే చూడండి. ముళ్ళ పూవు దూదిలాంటి జుట్టున్న ఆ మాయలోకపు పెద్దమనిషిని ముందు మీ ఊహలో చూసుకోవాలి. అంత మర్యాదగా మాట్లాడుతూ అంత భయపెట్టే పాత్ర నాకు ఇంకెక్కడా తగల్లేదు.

నెవరెండింగ్ స్టోరీ గురించి కొంచెమే చెబుతాను, అది తక్కువదని కాదు, దాన్ని ఎంచుకోవడం తేలిక. 1979లో జర్మన్‌లో వచ్చింది, ఇంగ్లీషులోకి రాల్ఫ్ మాన్‌హైమ్ అనువదించారు. బడిలో ఏడిపించే పిల్లల నుంచి పారిపోయి, ఒక పుస్తకాల కొట్లోంచి పుస్తకం ఎత్తుకొచ్చి, బడి అటక మీద దాక్కుని చదివే పిల్లవాడు బాస్టియన్. అతను చదువుతున్న కథ, అతని కథ, రెండూ మెల్లగా కలిసిపోతాయి. ఆ రెండిటినీ రెండు వేరు రంగుల్లో అచ్చువేస్తారు, 26 అధ్యాయాలు ఇంగ్లీషు అక్షరమాలలో ఏ నుంచి జెడ్ దాకా ఒక్కో అక్షరంతో మొదలవుతాయి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని పేపర్‌బ్యాక్‌లు ఒకే రంగులో, వాలు అక్షరాలతో సరిపెడతాయి, వీలైతే లోపలి పేజీ చూసి రెండు రంగులున్న ప్రతినే తీసుకోండి, పిల్లలకి సగం ఆనందం అక్కడే. 1984లో వచ్చిన సినిమా చూసేశాం కదా అనుకోవద్దు, అది పుస్తకంలో సగం దగ్గరే ఆగిపోతుంది. నాకు ముఖ్యమనిపించింది రెండో సగమే. అక్కడ బాస్టియన్ కోరుకున్నదల్లా జరుగుతుంది, కోరిక తీరిన ప్రతిసారీ అతని పాత జ్ఞాపకం ఒకటి పోతుంది. మా పిన్ని కూతురు పదేళ్ళ కొడుక్కి రోజుకో అధ్యాయం చదివి, తెలుగులో చెబుతూ పూర్తిచేసింది. బాస్టియన్ తన ఊరు మర్చిపోయిన చోట వాడు పుస్తకం మూయించేసి, “వాళ్ళ నాన్న గుర్తున్నాడా లేదా, అది చెప్పు ముందు” అన్నాడట.

పుస్తకమా, కిండిలా, ఆడియోనా అన్నది కూడా చాలామంది అడుగుతారు, ఇక్కడ మూడింటికీ మూడు జవాబులు. జోనథన్ స్ట్రేంజ్‌కి కిండిల్ మంచిది, 800 పేజీల బరువు మణికట్టు మీద పడదు, ఫుట్‌నోట్ అంకె నొక్కితే చాలు, చదివి మళ్ళీ వెనక్కి రావచ్చు. ఆడియోలో సైమన్ ప్రెబుల్ బాగా చదివారు కానీ 32 గంటలు, మధ్యలో ఫుట్‌నోట్లు వచ్చినప్పుడు ఎక్కడున్నామో తప్పిపోతాం. నెవరెండింగ్ స్టోరీని నలుపు తెలుపు కిండిల్‌లో చదవడం దండగ. పిరనేసికి మొదటిసారి కాగితం పుస్తకమే ఉండాలంటాను, ఎందుకంటే ఆ పెద్ద అక్షరాలు, డైరీ తేదీలు కళ్ళతో చూడాల్సినవి, పైగా కొంత దూరం వెళ్ళాక వెనక్కి తిప్పి పాత తేదీ ఒకటి చూడాలని మీకే అనిపిస్తుంది. రెండోసారి మాత్రం ఆడియోలో వినండి. నటుడు చివెటెల్ ఎజియోఫోర్ చదివారు, ఏడు గంటలు. ఆ గొంతులో ఆ మనిషి అమాయకత్వం ఎక్కడా వెకిలిగా వినిపించదు. పొద్దున్న వంట చేసుకుంటూ విన్నాను, అల్బట్రాస్ దగ్గర స్టవ్ ఆపేసి కూర్చున్నాను.

పిరనేసి పూర్తయ్యాక ఇలాంటిదే ఇంకోటి కావాలి అనేవాళ్ళని నేను ఇంగ్లీషు వైపు కాకుండా ఇటు పంపిస్తాను. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయం. ద్వారకలో కలభాషిణి అనే అమ్మాయితో మొదలై, నారదుడు, మణికంధరుడు, రంభ, నలకూబరుడు, ఒకరి రూపంలో ఒకరు, ఎవరు నిజం ఎవరు మాయ తెలియకుండా కథ పరుగెడుతుంది. ఇదంతా ఎందుకిలా జరుగుతోందో సగం దారి దాటితే గాని తెలియదు. అప్పుడు మెడలో మణి వేసిన ఒక పసిపాప నోరు తెరిచి, బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ ఒకటి బయటపెడుతుంది, అంతకుముందు చదివినవన్నీ ఒక్కొక్కటే వచ్చి దాని చుట్టూ సర్దుకుంటాయి. అర్థం కాకపోవడాన్ని భరించడం పిరనేసిలో నేర్చుకున్నవాళ్ళకి ఇది పండగ. ఎనిమిది ఆశ్వాసాల పద్యకావ్యం, టీక లేకుండా కష్టమే, ఒప్పుకుంటాను. పద్యం అందనివాళ్ళకి వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం 2002లో వచ్చింది, నేను ముందు అదే చదివి తర్వాత పద్యాల దగ్గరికి వెళ్ళాను. విదేశాల్లో పెరిగిన తెలుగు పిల్లలు కాలేజీ వయసుకొచ్చి ఫాంటసీ చదువుతుంటే వాళ్ళకీ ఇదే ఇవ్వండి.

ఎవరికైనా కానుకగా ఇవ్వాలంటే ఒక మాట. దుఃఖంలో ఉన్నవాళ్ళకి, కొత్త ఊళ్ళో ఒంటరిగా ఉన్నవాళ్ళకి పిరనేసి ఇవ్వచ్చు, వాళ్ళని ఓదార్చడానికి ప్రయత్నించకుండా పక్కన కూర్చునే పుస్తకం అది. కానీ ఈమధ్యే జ్ఞాపకశక్తి పోతున్న పెద్దవాళ్ళని ఇంట్లో చూసుకుంటున్నవాళ్ళకి కొంచెం ఆలోచించి ఇవ్వండి. కొన్ని పేజీలు గట్టిగా తగులుతాయి. నెవరెండింగ్ స్టోరీ రెండో సగానికీ ఇదే వర్తిస్తుంది.

ఇంకా తేలకపోతే ఇలా చేయండి. పిరనేసి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి, లేదా శాంపిల్ దించుకోండి. అల్బట్రాస్ వచ్చేదాకా ఆగకుండా చదవండి, ఒక్క సాయంత్రం పని. ఆ ఎండు నాచు తీసుకెళ్ళి పక్షులకి ఇచ్చేచోట మీకేమీ అనిపించకపోతే మొహమాటం లేకుండా మూసేసి జోనథన్ స్ట్రేంజ్ తెరవండి, మూడో అధ్యాయానికల్లా రాళ్ళు మాట్లాడతాయి.